ముల్లు యాభై ఐదు మీదే ఉంది

సోరమ్, మోంటానా
జనవరి 8, 1984

ఆరిన్ మావయ్యకి,

బాగున్నావా అని అడగను. జైల్లో ఉన్నవాణ్ణి బాగున్నావా అనడం సిగ్గుమాలిన పని. ఊళ్ళో మాత్రం అందరూ నన్ను పట్టుకుని "మీ మావయ్య బాగున్నాడా" అనేవాళ్ళే. నిన్న కాఫీ హోటల్లో ఒకడు అలాగే అడిగి, నేనిటు తిరగ్గానే పక్కవాడితో "యాభై ఐదు మైళ్ళ స్పీడులో వస్తున్నానని పోలీసు మొహం మీదే బొంకాడు, పెద్దమనిషి" అన్నాడు. కప్పు వాడి ఒళ్ళో దొర్లించి వచ్చాను. పొరపాటున జరిగిందని చెప్పాను. పొరపాటు కాదు.

ఆవులు బాగానే ఉన్నాయి. తొట్టిలో నీళ్ళు రోజుకి రెండుసార్లు గడ్డకడుతున్నాయి. పొద్దున్నే గొడ్డలితో కొట్టి టైర్ల షాపుకి వెళ్తున్నాను, సాయంత్రం వచ్చి మళ్ళీ కొడుతున్నాను. గొడ్డలి పిడి ఒకటి విరిగింది. కొత్తది వేశాను.

నాకు ఒళ్ళు మండేది ఆ పోలీసు మీద కాదు. నీ మీద. యాభై ఐదు దాటకూడని రోడ్డు మీద టైర్ల గీతలు కొలిచి "అరవై ఎనిమిదికి తక్కువ లేదు" అన్నాడు వాడు. వాడి టేపూ, వాడి లెక్కలూ! నువ్వేమో మూడు వారాలు "ముల్లు యాభై ఐదు మీదే ఉంది" అన్నదే అని, ఆఖరికి జడ్జి ముందు నిలబడి "నాదే తప్పు" అనేశావు. ఇరవై ఏళ్ళ కుర్రాడు కూడా అంత తేలిగ్గా లొంగడు. ఈ కౌంటీలో నీ వెనక పడ్డ బండికి తెల్లారిపోతుందని జోకులేసుకునేవాళ్ళు కదా. అలాంటివాడివి వర్నా స్కార్ని స్పీడుగా గుద్ది చంపానని ఎందుకు ఒప్పుకున్నావు? మూడేళ్ళు! యాభై ఒక్క ఏళ్ళ మనిషివి!

ఉన్ని మేజోళ్ళు పంపిస్తున్నాను. లోపలికి ఇస్తారో లేదో.

గాలెన్

*

రాష్ట్ర జైలు, మోంటానా
జనవరి 24

ఒరేయ్ గాలెన్,

మేజోళ్ళు అందాయి. కప్పు సంగతీ అందింది. కాఫీకి డబ్బిచ్చి, తాగకుండా వాడి ఒళ్ళో పోసి వచ్చావన్నమాట. చిన్నప్పుడు నిన్ను పెంచింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టే వీలు లేదు నాకు.

నా గది కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. కొండలంటే నాకు మొదట్నుంచీ పడదు. అవతల ఏం మేఘం వస్తోందో చూడనివ్వవు.

ఎందుకు ఒప్పుకున్నావని కదా అడిగావు. వర్నా పోయింది కాబట్టి. పామర్ స్కార్ కోర్టులో మొదటి వరసలో కూర్చునేవాడు. నలభై ఏళ్ళు కంచె అవతల ఉన్నవాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని అంచు తిప్పుతూనే ఉండేవాడు. రోజుకో సాక్షి వచ్చి అతని పెళ్ళాం ఎలా చచ్చిపోయిందో చెప్పి పోతున్నారు. అది ఆపాలంటే నా నోట్లోంచి ఒక మాట రావాలి. చెప్పాను.

లాయరు మంచివాడే. ఆ స్పీడోమీటరు పరీక్ష చేయిద్దాం, మీటరు తప్పు చూపిస్తే కేసే మారిపోతుంది అన్నాడు. అక్కర్లేదన్నాను. నీకు గుర్తుంది కదా, పోయిన వసంతంలో ఆ బురదలో దిగబడుతున్నానని నువ్వు ఆ పెద్ద టైర్లు వేశావు. వాటితో మీటరు తక్కువ చూపిస్తోందని డ్యాష్‌బోర్డు మీద కాయితం అంటించావు, "ఏడు కలుపుకో" అని. ఇక్కడ అందరూ చేసేదే అన్నావు. నేనన్నాను, తప్పు గడియారం పెట్టుకుని పొద్దస్తమానం లెక్క సరిచూసుకునే రకం కాదు నేను, సరిచెయ్ అని. సెప్టెంబర్లో మీటరుని తిప్పే పళ్ళ చక్రం మార్చావు. కాయితం నా చేత్తో నేనే పీకాను. లాయరుతో అదే చెప్పాను: "ఆ మీటరు బాగుచేసింది నా మేనల్లుడు. వాడు చేసిన పనికి మళ్ళీ కొలత లేదు."

పామర్ దగ్గర తొలిచూలు ఆవులు పది పన్నెండు ఉంటాయి. ఫిబ్రవరిలో ఈనుతాయి. ఒక్కడూ ఏం చేస్తాడు. వెళ్ళి చూడు. నా పేరెత్తకు.

మావయ్య

*

సోరమ్
ఫిబ్రవరి 10

మావయ్యా,

పని ఎక్కువగా ఉంది. అందుకే చిన్న ఉత్తరం.

స్పీడోమీటరు గురించి ఇంకెప్పుడూ రాయకు. ఉత్తరాలు చదివే లోపలికి పంపుతారు, చదివే బయటికి పంపుతారు. నీ కేసు అయిపోయింది. అయిపోయినదాన్ని తవ్వకు. లాయరుకి నా గురించి అంత గొప్పగా చెప్పమని నిన్నెవరడిగారు? నేనేమైనా కాలేజీలో చదివానా? డెల్బర్ట్ దగ్గర టైర్లు ఊడదీస్తూ, పాత పుస్తకాల్లో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. ఎవడి పనికైనా మళ్ళీ కొలత ఉంటుంది.

డెల్బర్ట్ గాడు మళ్ళీ నసపెడుతున్నాడు. "నీకు ఈమధ్య ఏమైందిరా, నట్లన్నీ విరగబిగిస్తున్నావు" అంటాడు. షాపు వాడిదే, నోరూ వాడిదే.

పామర్ దగ్గరికి వెళ్ళాను. బాగానే ఉన్నాడు.

గాలెన్

*

రాష్ట్ర జైలు
మార్చి 1

గాలెన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం నీకు మామూలే. కానీ ఈసారి కోపం ఎవరి మీదో తెలియలేదు. పామర్ బాగానే ఉన్నాడని రాశావు. అంతేనా? ఎన్ని ఈనాయి, ఎన్ని పోయాయి, ఏమీ లేదు. నువ్వు వెళ్ళలేదని నాకు తెలుసు. అది పక్కనపెడదాం.

ఒక విషయం అడగాలి. ఏప్రిల్ 17న నన్ను బోర్డు ముందు కూర్చోబెడతారు. ముందుగా వదలాలా వద్దా అని. ఇక్కడ ఖైదీల్ని చూసుకునే ఆఫీసరొకాయన ఉన్నాడు, పిల్లికళ్ళవాడు, చెడ్డవాడు కాదు. ఆయన అన్నాడు, "ఆరిన్, నువ్వు ఒక్క మాట అంటే ఇంటికి పోతావు. స్పీడుగా వెళ్తున్నానని తెలుసు, తెలిసే పోలీసుతో అబద్ధం చెప్పాను అను. తప్పు ఒప్పుకున్నవాణ్ణి బోర్డు వదులుతుంది. మీటరు మీటరు అనేవాణ్ణి వదలదు."

స్పీడుగా వెళ్ళానంటే ఒప్పుకుంటాను, ఆ గీతలు అబద్ధం చెప్పవు. తెలిసే అబద్ధమాడానని ఎలా చెప్పను? ముల్లు యాభై ఐదు మీదే ఉంది, నేను చూశాను. కాని ఇవన్నీ నిజం ఎలా అవుతాయి? మీటరు సరిగ్గా ఉంది, ముల్లు యాభై ఐదు మీద ఉంది, బండి అరవై ఎనిమిదిలో ఉంది. మూడింటిలో ఒకటి తప్పు. మీటరు కాదు. గీతలు కావు. ఇక మిగిలింది నేనే.

మా అమ్మ చివరి రోజుల్లో ఏం చేసిందో నీకు గుర్తుండదు. ఖాళీ పొయ్యి మీద చెయ్యి కాచుకుంటూ "ఎంత వేడిగా ఉందో" అనేది. తనకి నిజంగానే వేడిగా ఉండేది. అలాంటిదే నాకూ మొదలైందేమో అని పడుకుని ఆలోచిస్తున్నాను. లేని ముల్లు చూశానేమో. అది నన్ను ఈ గోడలకంటే ఎక్కువ భయపెడుతోంది.

ఆ ట్రక్కు నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నా కళ్ళు తప్పా? ఒక్క మాట రాయి. నువ్వు ఏదంటే బోర్డు ముందు అదే చెప్తాను.

మావయ్య

*

సోరమ్
మార్చి 12

మావయ్యా,

నీ కళ్ళు తప్పు కాదు. నీ బుర్ర తప్పు కాదు. ముల్లు యాభై ఐదు మీదే ఉంది. మీటరే తప్పు. తప్పు నాది. చదివేవాళ్ళు చదువుకోనీ, నకలు తీసుకుని గోడకి అంటించుకోనీ.

ఎలా జరిగిందో వరసగా చెప్తాను. గేరుబాక్సు వెనకాల వేలెడంత నైలాను పళ్ళ చక్రం ఉంటుంది. మీటరు తీగని తిప్పేది అదే. నీ ట్రక్కులో పంతొమ్మిది పళ్ళది ఉంది. టైరు పెద్దదైతే అది ఒక మైలుకి తక్కువసార్లు తిరుగుతుంది, అందుకే ముల్లు తక్కువ చూపిస్తుంది. ముల్లు పైకి రావాలంటే తీగ వేగంగా తిరగాలి. అంటే చక్రానికి పళ్ళు తక్కువ ఉండాలి. పదిహేడు. ఇది ఇప్పుడు నాకు పసిపిల్లాడి లెక్కలా కనిపిస్తోంది.

సామాన్ల కొట్టువాడు అడిగాడు, "పదిహేడా, ఇరవై ఒకటా?" అని. నాకు తెలియదు. తెలియదని అనలేదు. వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు. పెద్ద టైరు వేశాం కాబట్టి పెద్ద చక్రం అనుకున్నాను. "ఇరవై ఒకటి" అన్నాను, బల్ల మీద చెయ్యి కొట్టి మరీ. ఏడు మైళ్ళ తప్పుని పధ్నాలుగు మైళ్ళ తప్పు చేశాను. నువ్వు యాభై ఐదు చూస్తుంటే బండి అరవై తొమ్మిదిలో ఉంది.

పరీక్ష చేసి ఉంటే తెలిసేది. హైవే ఎక్కి రెండు మైలు పలకల మధ్య గడియారం చూడ్డమే. ఈ ఊళ్ళో ముసలమ్మలకి కూడా తెలుసు. ఆరోజు వాన. హైవే నీ ఇంటి నుంచి పన్నెండు మైళ్ళు. డెల్బర్ట్ "పలకల దగ్గర చూశావట్రా?" అని అడిగాడు. "చూశాను" అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు నువ్వు ట్రక్కుని పచ్చికలోంచి బయటికి తియ్యలేదు. రోడ్డు ఎక్కింది వర్నా పోయిన రోజే.

ఇంకా ఉంది. ఇక్కడిదాకా చదివి పక్కన పెట్టకు.

ట్రక్కుని లాక్కొచ్చి మా షాపు వెనకే పెట్టారు. నువ్వు కోర్టులో ఒప్పుకోడానికి ఎనిమిది రోజుల ముందు నీ లాయరు ఫోన్ చేశాడు, మీటరు చూడ్డానికి మనిషిని పంపించనా అని. రమ్మన్నాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. కిందికి దూరి చక్రం తీసి పళ్ళు లెక్కపెట్టాను. సిమెంటు నేల మీద సుద్దతో లెక్క వేశాను. నాలుగు సార్లు వేశాను. నాలుగు సార్లూ అరవై తొమ్మిదే వచ్చింది. బూటుతో చెరిపేశాను. పదిహేడు పళ్ళది షాపులోనే ఉంది, అది వేశాను. ఇరవై నిమిషాల పని. ఇరవై ఒకటి కాఫీ డబ్బాలో దాచాను.

లాయరు మనిషి రాలేదు. ఎందుకు రాలేదో నువ్వు రాసేదాకా నాకు తెలియదు. నా పనికి కొలత లేదన్నావట! ఆ ఉత్తరం చదివాక నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్నెందుకు అంత నమ్మావు? ఎవడు నమ్మమన్నాడు నిన్ను? ఒక్కసారి, ఒక్కసారి నువ్వు "పోయి పలకల దగ్గర చూసి తగలడు వెధవా" అని ఉంటే!

ఐదు నెలలు పోలీసుని తిట్టాను, ఊరిని తిట్టాను, నిన్ను తిట్టాను. కాఫీ హోటల్లో వాడు అన్నదానికి వాడి మీద కప్పు దొర్లించాను. నిన్ను బొంకేవాణ్ణి చేసింది వాడు కాదు.

పామర్ దగ్గరికి వెళ్ళలేదు. గేటు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను.

బోర్డు ముందు అబద్ధం చెప్పకు. డబ్బా తీసుకుని కౌంటీ సర్కారు ప్లీడరు దగ్గరికి రేపు వెళ్తున్నాను.

గాలెన్

*

సోరమ్
మార్చి 30

మావయ్యా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. జవాబు రాయమని అడగను. జరిగింది రాస్తాను.

ప్లీడరు నమ్మలేదు. మావయ్యని విడిపించడానికి కథ అల్లుతున్నావు అన్నాడు. "ఐదు నెలలు ఎక్కడ పడుకున్నావు?" అన్నాడు. సామాన్ల కొట్టువాడి చిట్టా తెప్పించాను. సెప్టెంబరు పేజీలో నా పేరు, దాని ఎదురుగా ఇరవై ఒకటి. డెల్బర్ట్ కూడా వచ్చి "చూశాను అని నాతో చెప్పాడు, నేనూ చూడకుండానే చీటీ మీద సంతకం పెట్టాను" అన్నాడు. అంత మాట వాడి నోట వస్తుందనుకోలేదు.

ట్రక్కు ముందుభాగం అతుకులు వేసి నడిపించాం. నేను ముట్టుకోడానికి వీల్లేదన్నారు. డెల్బర్టే ఆ ఇరవై ఒకటి మళ్ళీ బిగించాడు. మన వైపు హైవే మీద పోలీసే నడిపాడు, గీతలు కొలిచినవాడే. పక్కన ప్లీడరు గడియారంతో. ముల్లు యాభై ఐదు మీద నిలబెట్టి పలక నుంచి పలకకి పోయారు. అరవై ఐదు సెకన్లు పట్టాలి. యాభై రెండు పట్టింది. తిరిగి వస్తూ ఇంకోసారి. యాభై రెండు. పోలీసు బండి దిగి నా వైపు చూడలేదు. "ఆయన చెప్పింది నిజమే అన్నమాట" అన్నాడు గాలితో.

పామర్ కూడా వచ్చాడు. ఎవరు చెప్పారో. కంచె పక్కన నిలబడి అంతా చూశాడు. నేను దగ్గరికి వెళ్ళాను. చెప్పాల్సిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని అనుకున్నాను.

ఆయన అన్నాడు: "ఆరోజు గేటు మూస్తున్నది నేనేరా. వర్నా బండి రోడ్డెక్కించబోతుంటే ఆగమన్నాను, ట్రక్కు వస్తోంది అన్నాను. అద్దం దించి చూసి నవ్వింది. 'ఆరినేలే, బోలెడు టైముంది' అంది."

అంతే అన్నాడు. అని, తన బండి దాకా వెళ్ళి, తలుపు తీసి, ఎక్కకుండా చాలాసేపు నిలబడ్డాడు.

వాళ్ళ ఆవుల్లో రెండు ఈనలేక చచ్చిపోయాయి. ఒక దూడ బతికింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్తున్నాను. ఆయన నాతో మాట్లాడడు. వద్దని కూడా అనడు.

గాలెన్

*

రాష్ట్ర జైలు
ఏప్రిల్ 9

గాలెన్,

నాలుగు వారాలు నీకు రాయలేదు. రాస్తే ఏం రాసేవాణ్ణో నాకు తెలుసు కాబట్టి.

పళ్ళ లెక్క తప్పినందుకు నాకు కోపం లేదు. నేనూ ఒక కోత సీజన్లో యంత్రానికి బెల్టు తిరగేసి తగిలించాను. తెలియదు అనలేకపోయినందుకూ కోపం లేదు, నీ వయసులో నేనూ అనలేదు. పన్నెండు మైళ్ళు వెళ్ళనందుకు కోపం ఉంది. కానీ అదీ మింగగలను.

మింగలేనిది ఒకటే. ఆ ఎనిమిది రోజులు. నేను కౌంటీ జైల్లో ఉంటే నువ్వు ప్రతి సాయంత్రం వచ్చావు. బంగాళాదుంప రొట్టెలు తెచ్చావు. "నువ్వు నిజంగా చూశావా మావయ్యా, ముల్లు?" అని అడిగావు. నీకు తెలిసీ అడిగావు! నేను నీ ఎదురుగా తల పట్టుకుని "చూశాననే అనుకుంటున్నాను" అన్నాను. అనుకుంటున్నాను అన్నాను! అంతకుముందు దాకా "చూశాను" అనేవాణ్ణి. నా కళ్ళని నేను అనుమానించడం మొదలుపెట్టింది ఆ సాయంత్రమే. శీతాకాలమంతా మా అమ్మ చెయ్యి, ఆ ఖాళీ పొయ్యి. అది నాకు పెట్టింది నువ్వు.

ఇంత రాశాక ఇంకోటి కూడా రాయాలి, లేకపోతే నేనూ దాచినవాణ్ణవుతాను. ఆరోజు కంచె గుంజలు మరీ తొందరగా వెనక్కి పోతున్నాయి. అద్దం సందులో గాలి ఈలేసింది. ముప్ఫై ఐదేళ్ళుగా ఆ రోడ్డు మీద నడిపేవాణ్ణి, నాకు తెలిసింది. ఇదేమిటి అనుకుని ముల్లు చూశాను. యాభై ఐదు. సరే, గాలెన్ చేశాడు కదా అనుకుని కాలు తియ్యలేదు. వర్నా వాళ్ళ మలుపుకి అర మైలు ముందు.

ఇది లాయరుకి చెప్పలేదు. బోర్డుకి చెప్తాను. నువ్వు చేసిందీ చెప్తాను. పిల్లికళ్ళాయన తల కొట్టుకుంటున్నాడు, అతి నిజం చెప్పి ఇక్కడే ఉండిపోతావు అని. ఉంటే ఉంటాను. నా బుర్ర నాకు దొరికింది, అది చాలు ఈ ఏడాదికి.

ఆరిన్

*

కౌంటీ జైలు, సోరమ్
మే 21

మావయ్యా,

నిన్ను బోర్డు వదిలిందని వార్డెను చెప్పాడు. శిక్ష మాత్రం రికార్డులో అలాగే ఉందట, లైసెన్సు కూడా రాలేదట. నన్ను ఇక్కడ ఆరు నెలలు పెట్టారు, సాక్ష్యం మార్చినందుకు. జడ్జి ఏమైనా చెప్పుకుంటావా అంటే లేదన్నాను. నాకు లాయరు వద్దన్నాను.

నువ్వు ఉన్న గదిలోనే ఉన్నాను అనుకుంటాను. తెలీదు. అడగలేదు.

పామర్ దగ్గర గడ్డి కోత వచ్చేనెల. నేను లేను. కోత యంత్రం ఎడమ చక్రం బేరింగు అరిగింది, గ్రీజు పెట్టి నెట్టుకొస్తున్నాడు. డెల్బర్ట్‌కి చెప్పి మార్పించు. మార్చాక ఎత్తి పట్టుకుని చేత్తో తిప్పి చూడమను. చూశాను అంటే నమ్మకు.

రాత్రిళ్ళు ఆ "అనుకుంటున్నాను" అన్న మాటే వినిపిస్తోంది. నువ్వు తల పట్టుకున్న తీరు కూడా. నన్ను క్షమించావా అని అడగాలని ఈ కాయితం తీసుకున్నాను. అడుగుతున్నాను.

గాలెన్

*

సోరమ్
జూన్ 3

ఒరేయ్ గాలెన్,

బేరింగు మారింది. నేనే దగ్గరుండి తిప్పి చూశాను.

పామర్ ఇంటికి నడిచే వెళ్ళాను, పొలాలకి అడ్డం పడి. రోడ్డు మీంచి వెళ్ళలేకపోయాను. తలుపు తీసి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు. వెళ్ళి కూర్చున్నాను. కాఫీ పెట్టాడు, ఏదోలా ఉంది. వర్నా ఎన్ని చెంచాలు వేసేదో తనకి తెలియదట. నాకూ తెలియదన్నాను. ఇద్దరం అదే తాగాం.

నిన్ను క్షమించానా అని అడిగావు. లేదు. అబద్ధం చెప్పడం ఎందుకు. కొన్ని రోజులు పొద్దున్నే క్షమించేసినట్టుంటుంది, మధ్యాహ్నానికి మళ్ళీ మొదలవుతుంది. నీకు కోపం వస్తే రానీ.

ఆదివారం చూడ్డానికి వస్తాను. నన్ను తీసుకురావడానికి ఎవరూ లేరని అనుకుంటుంటే పామర్ తనే అన్నాడు, నేను తీసుకొస్తాను అని. నీ దగ్గరికి మాత్రం రాడట. జైలు బయట బండి ఆపి, అందులోనే కూర్చుంటాడట. ఎంతసేపైనా సరే, తొందరేం లేదు అన్నాడు.

మావయ్య